లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్: గుర్తింపు, పునరుద్ధరణ

లీ-ఎన్‌ఫీల్డ్ బ్రిటిష్ సామ్రాజ్య సైన్యాలు 1895 మొదలు ఆరు దశాబ్దాలకు పైగా వాడిన బోల్ట్ రైఫిల్. దీని గొట్టం లోపలి వ్యాసం 0.303 అంగుళాలు, అంటే 7.7 మిల్లీమీటర్లు. ఆ అంకె వల్లే భారతదేశంలో దీనికి త్రీ నాట్ త్రీ అన్న పేరు స్థిరపడింది. తెలుగునాట పోలీసు స్టేషన్ ముందు సెంట్రీ చేతిలోనూ, కాలేజీ మైదానంలో ఎన్‌సీసీ డ్రిల్లులోనూ తరతరాలవాళ్లు చూసిన తుపాకీ ఇదే. అన్ని దేశాల్లో, అన్ని నమూనాలూ కలిపి సుమారు 1 కోటి 70 లక్షలు తయారయ్యాయని అంచనా. కొత్త ఆయుధాలు వచ్చాక సైన్యాలు వీటిని మిగులు సరుకుగా అమ్మేశాయి. బ్రిటన్, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లోని మ్యూజియంలలోనూ లైసెన్సు ఉన్న సేకర్తల దగ్గరా ఇవి లక్షల్లో ఉన్నాయి.

అలా చేతులు మారిన ఒక పాత రైఫిల్ ఏ నమూనాదో, ఏ కర్మాగారంలో ఏ ఏడు పుట్టిందో, ఎక్కడెక్కడ తిరిగిందో తేల్చడం గుర్తింపు. పాడైన తుపాకీని దాని సైనిక రూపానికి దగ్గరగా తెచ్చి నిలబెట్టడం పునరుద్ధరణ. గుర్తింపు పూర్తికాకుండా పునరుద్ధరణ మొదలుపెట్టకూడదు. చెత్త అనుకుని గీకిపారేసిన మచ్చే ఒక్కోసారి ఆ తుపాకీ చరిత్రకు మిగిలిన ఏకైక సాక్ష్యం అవుతుంది.

పుట్టుక, నమూనాలు

పేరులోని మొదటి సగం జేమ్స్ పారిస్ లీ (1831-1904) అనే యంత్రశిల్పిది. స్కాట్లండ్‌లో పుట్టి, కెనడాలో పెరిగి, అమెరికాలో పనిచేసిన ఈయన వెనకవైపు బిగుసుకునే బోల్టునూ, కింద అమర్చే పెట్టె మ్యాగజైన్‌నూ రూపొందించాడు. రెండో సగం లండన్ శివార్లలోని ఎన్‌ఫీల్డ్ రాజ కర్మాగారానిది. 1888లో బ్రిటన్ లీ బోల్టుకు విలియం మెట్‌ఫర్డ్ రూపొందించిన గొట్టాన్ని జోడించి లీ-మెట్‌ఫర్డ్ రైఫిల్‌ను స్వీకరించింది. మెట్‌ఫర్డ్ గొట్టంలోని లోతులేని గాడులు పాతకాలపు పొగ వచ్చే మందుకు సరిపోయాయి. ఆ వెంటనే వాడుకలోకి వచ్చిన కార్డైట్ అనే పొగలేని మందు చాలా వేడిగా మండి ఆ గాడుల్ని త్వరగా అరగదీసింది. దాంతో ఎన్‌ఫీల్డ్ కర్మాగారం లోతైన ఐదు గాడులతో, ఎడమవైపు మెలిక తిరిగే గొట్టాన్ని తయారుచేసింది. 1895లో వచ్చిన ఆ రైఫిలే తొలి లీ-ఎన్‌ఫీల్డ్.

అప్పటివరకు పదాతిదళానికి పొడుగు రైఫిల్, అశ్వికదళానికి పొట్టి కార్బైన్ ఉండేవి. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధ అనుభవం తర్వాత అందరికీ ఒకే తుపాకీ చాలన్న నిర్ణయం జరిగింది. 25.2 అంగుళాల గొట్టంతో పొట్టి మ్యాగజైన్ లీ-ఎన్‌ఫీల్డ్ అలా పుట్టింది. దాని ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలు కలిపి ఎస్.ఎం.ఎల్.ఇ. అంటారు. 1907 జనవరిలో ఆమోదం పొందిన మార్క్ 3 దీని ప్రధాన రూపం. ఐదేసి తూటాల క్లిప్పులు రెండు గుచ్చితే పది తూటాల మ్యాగజైన్ నిండుతుంది. బోల్టు పిడిని దాదాపు 60 డిగ్రీలు తిప్పితే చాలు, తెరుచుకుంటుంది. తర్ఫీదు పొందిన సిపాయి నిమిషానికి 15 గుళ్లు గురిచూసి కాల్చేవాడు.

మొదటి ప్రపంచయుద్ధంలో తయారీ వేగం పెంచడానికి కొన్ని భాగాలు తీసేశారు. తూటాల్ని ఒక్కొక్కటిగా ఎక్కించుకోవడానికి మ్యాగజైన్‌ను మూసి ఉంచే పలక, దూరపు గుంపుల మీదికి కాల్చడానికి ఎడమ పక్కనుండే అదనపు గురి, వెనక గురికి పక్కల సవరింపు పోయాయి. ఇలా వచ్చినదాన్ని మార్క్ 3 నక్షత్రం అంటారు. తుపాకీ మీద 3 పక్కన నక్షత్రపు గుర్తు ఉంటుంది. 1926లో పేర్లు మార్చినప్పుడు ఎస్.ఎం.ఎల్.ఇ. కాస్తా నంబర్ 1 అయింది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్, కెనడా, అమెరికా ఫ్యాక్టరీలు తయారుచేసినది నంబర్ 4. అడవి యుద్ధాల కోసం 1944లో వచ్చిన పొట్టి, తేలిక తుపాకీ నంబర్ 5. దీన్నే జంగిల్ కార్బైన్ అంటారు.

ఇషాపూర్

పశ్చిమ బెంగాల్‌లో హుగ్లీ ఒడ్డున 1904లో మొదలైన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ భారతదేశపు లీ-ఎన్‌ఫీల్డులకు పుట్టినిల్లు. రెండు ప్రపంచయుద్ధాల్లోనూ, స్వాతంత్ర్యం తర్వాత 1950లలోనూ ఇక్కడ నంబర్ 1 తయారైంది. ఇషాపూర్ నంబర్ 4 వైపు వెళ్లలేదు. ఇషాపూర్ తుపాకుల్ని కొన్ని గుర్తులు పట్టిస్తాయి. ముందు చెక్క చీలకుండా మ్యాగజైన్‌కు ముందువైపు అడ్డంగా బిగించిన మర ఒకటి. ప్రపంచవ్యాప్తంగా సేకర్తలు దాన్ని ఇషాపూర్ స్క్రూ అనే పిలుస్తారు. గ్రెనేడు విసరడానికి కేటాయించిన రైఫిళ్ల ముందు భాగానికి దారపు ఉండలా రాగి తీగ చుట్టి టంకం వేసేవారు. గొట్టం పగిలినా ముక్కలు ఎగిరిపడకుండా ఈ ఏర్పాటు. పోలీసుల కోసం, జైలు కాపలా కోసం గాడులు లేని నున్నటి గొట్టంతో, ఒక్కో తూటా పెట్టి కాల్చే .410 మస్కెట్లుగా మార్చినవీ ఉన్నాయి. వాటిలో మ్యాగజైన్ చోట చెక్కదిమ్మె కూర్చారు.

1962 చైనా యుద్ధం తర్వాత ఇషాపూర్ ఒక పెద్ద మార్పు చేసింది. నంబర్ 1 ఆకృతినే ఉంచి, మరింత మేలైన ఉక్కుతో, 7.62 మిల్లీమీటర్ల తూటాకు 2ఎ, 2ఎ1 రైఫిళ్లను తయారుచేసింది. వీటిని పాత .303ని తొలిచి మార్చినవిగా చాలామంది పొరబడతారు. ఇవి మొదటినుంచీ కొత్తగా చేసినవే. పన్నెండు తూటాలు పట్టే చదరపు మూలల మ్యాగజైన్ చూడగానే తెలిసిపోతుంది. .303 మ్యాగజైన్ తూటా అంచుల అమరిక కోసం ముందుకు ఒరిగి ఉంటుంది. దీనిది నిటారు డబ్బా. బోల్టు బిగింపు సూత్రంతోనే 75 ఏళ్లకు పైగా రైఫిళ్లు తయారవుతూ వచ్చిన ఈ వరుసలో 2ఎ1 చివరి పెద్ద నమూనా.

పోలీసుల చేతిలో త్రీ నాట్ త్రీ ఇంకా చాలాకాలం నిలిచింది. 2008 ముంబయి దాడుల్లో రైల్వే స్టేషన్ కానిస్టేబుళ్ల దగ్గర ఉన్నది అదే. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతుతో దానికి వీడ్కోలు పలికారు.

బయటి రూపాన్ని బట్టి గుర్తింపు

మొదట చూడవలసింది మూతి. చెక్క, లోహపు తొడుగు గొట్టం కొసదాకా వచ్చి మొండిగా, పంది మూతిలా కనిపిస్తే అది నంబర్ 1. తొడుగును దాటి గొట్టం రెండుమూడు అంగుళాలు బయటికి పొడుచుకొస్తే నంబర్ 4. ముందు చెక్క సగానికి తగ్గి, మూతికి గరాటులాంటి మంట తొడుగు ఉంటే నంబర్ 5. తర్వాత వెనక గురి. నంబర్ 1లో అది గొట్టం మీద, చేతికి ముందువైపు ఉంటుంది. నంబర్ 4, 5లలో బాడీ, అంటే బోల్టు కదిలే ఉక్కు భాగం, వెనక అంచున, కంటికి దగ్గరగా, చిన్న రంధ్రంలోంచి చూసేలా ఉంటుంది.

ఈ రెండు చూపులతో నమూనా తేలుతుంది. అక్కడే తొందరపడి మోసపోయేవాళ్లూ ఉన్నారు. మిగులు తుపాకుల వ్యాపారంలో మామూలు నంబర్ 4ను, 2ఎ1నూ కోసి, గరాటు తగిలించి జంగిల్ కార్బైన్ పేరుతో అమ్మారు. అసలు నంబర్ 5లో బరువు తగ్గించడానికి గొట్టం మొదలు దగ్గరా, బోల్టు పిడి గుండులోనూ ఉక్కు తొలిచి ఉంటుంది. గరాటు ఎవరైనా తగిలించగలరు. ఆ తొలుపులు మాత్రం ఫ్యాక్టరీలోనే జరిగాయి.

ముద్రలు చదవడం

తుపాకీ మీది ముద్రల్ని శాసనం చదివినంత ఓపికగా చదవాలి. నంబర్ 1లో ప్రధాన శాసనం బాడీ వెనక, భుజానికి ఆనే బట్ చెక్క దూరే ఉక్కు పట్టీకి కుడివైపున ఉంటుంది. బోల్టు పిడిని పైకెత్తితే కనిపిస్తుంది. పైన కిరీటం, దానికింద పాలకుడి పేరు పొడి అక్షరాలు, తర్వాత ఫ్యాక్టరీ పేరు, సంవత్సరం, నమూనా వరుసగా ఉంటాయి. విక్టోరియా రాణికి వి.ఆర్., ఎడ్వర్డుకు ఇ.ఆర్., జార్జికి జి.ఆర్. అని. ఇషాపూర్ తుపాకుల మీద జి.ఆర్.ఐ. కనిపిస్తుంది. ఆ ఐ చక్రవర్తి అన్న లాటిన్ మాటకు గుర్తు. స్వాతంత్ర్యం తర్వాతి వాటిమీద కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. వాటిమీద ఇషాపూర్ తన పేరును ఆర్.ఎఫ్.ఐ. అని కొట్టేది. ఎన్‌ఫీల్డ్, బర్మింగ్‌హామ్‌లోని బి.ఎస్.ఎ., లండన్ స్మాల్ ఆర్మ్స్, ఆస్ట్రేలియాలోని లిత్‌గో తక్కిన పెద్ద తయారీదారులు.

నంబర్ 4లో ఈ వివరాలు ఎక్కువగా ఎడమవైపున ఉంటాయి. యుద్ధకాలంలో శత్రు విమానాలకు ఫ్యాక్టరీల ఆచూకీ తెలియకుండా బ్రిటన్ సంకేతాలు వాడింది. మొదటి అక్షరం ప్రాంతాన్ని చెబుతుంది. ఎమ్ అంటే మధ్య ఇంగ్లండ్, ఎన్ అంటే ఉత్తరం, ఎస్ అంటే దక్షిణం. బి.ఎస్.ఎ. షర్లీ ఫ్యాక్టరీది ఎమ్47. కెనడాలో తయారైనవాటిమీద లాంగ్ బ్రాంచ్ పేరుంటుంది. అమెరికాలో శావేజ్ కంపెనీ చేసినవాటిమీద అమెరికా ప్రభుత్వ ఆస్తి అన్న ముద్ర ఉంటుంది. అవి అమెరికా సైన్యం వాడినవి కావు. అప్పు-కౌలు ఒప్పందం కింద బ్రిటన్‌కు పంపడానికి తయారుచేసినవి.

తర్వాతిది వరస సంఖ్య. నంబర్ 1లో అది బాడీ ముందు వలయం మీద, గొట్టం మొదలు మీద, బోల్టు పిడి వెనక, వెనక గురి రేకు అడుగున, మూతి తొడుగు మీద, ముందు చెక్క కొస అడుగున కొట్టి ఉంటుంది. అన్నిచోట్లా ఒకే అంకె ఉంటే సేకర్తలకు పండగే. ఆరూ కలవడం అరుదు. అందులో బోల్టు, బాడీ కలవడం అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే బోల్టు బిగుసుకునే ఉబ్బెత్తులను ఆ బాడీకే సరిపడేలా చేత్తో ఆకురాయి పట్టి కూర్చారు. పాత అంకె మీద అడ్డగీత కొట్టి పక్కన కొత్తది వేసి ఉంటే అది సైన్యపు ఆర్మరర్ చేసిన మరమ్మతు, దాన్ని లోపంగా లెక్కించకూడదు. ఒకే అంకె వేరువేరు ఫ్యాక్టరీల్లో, వేరువేరు ఏళ్లలో మళ్లీ మళ్లీ వచ్చింది. అంచేత ఫ్యాక్టరీ, సంవత్సరం చెప్పకుండా ఒక్క సంఖ్య చెబితే తుపాకీ ఏదో తేలదు.

చిన్న ముద్రలు మిగతా కథ చెబుతాయి. వెడల్పు బాణం బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తికి గుర్తు. బాణం కింద ఐ ఉంటే భారత ప్రభుత్వానిది. రెండు బాణాలు మొనకు మొన తాకేలా ఉంటే సైన్యం దాన్ని అమ్మేసిందని అర్థం. ఎఫ్.టి.ఆర్., పక్కన సంవత్సరం ఉంటే ఫ్యాక్టరీలో పూర్తిగా విప్పి బాగుచేసింది. 1917 నాటి బాడీకి 1940ల గొట్టం ఉండటం ఇలాంటి తుపాకుల్లో సహజం. గొట్టానికి దాని తేదీ వేరుగా ఉంటుంది. డి.పి. అంటే డ్రిల్లుకే పనికొస్తుంది, కాల్చకూడదు అని. ఎన్‌సీసీ కుర్రాళ్ల భుజాల మీద తిరిగినవాటిలో ఎక్కువ ఇవే. అలాంటి తుపాకీని ఎంత బాగుచేసినా కాల్పులకు తేకూడదు. బ్రిటన్‌లో పౌరులకు అమ్మినవాటి గొట్టాల మీద 2.222, 18.5 టన్నులు అన్న అంకెలుంటాయి. మొదటిది తూటా గొట్టపు పొడవు అంగుళాల్లో, రెండోది ఆ గొట్టాన్ని ఎంత పీడనపు తూటాలకు ఆమోదించారో చెప్పే లెక్క. తెలియనివాళ్లు వీటిని సైన్యం ముద్రలనుకుంటారు.

బట్ కుడిపక్కన రూపాయంత ఇత్తడి బిళ్ల ఉంటే అదృష్టం. రెజిమెంటు పేరు, ఆ రెజిమెంటులో తుపాకీ నంబరు దానిమీద చెక్కేవారు. 1916 తర్వాత కొత్త తుపాకులకు బిళ్ల పెట్టడం మానేశారు. గుంట మాత్రమే మిగిలిన బట్లే ఎక్కువ. ఆ గుంటలోకి ఎక్కడిదో ఒక బిళ్ల తెచ్చి బిగించడం పునరుద్ధరణ కాదు. అది దొంగ చిరునామా రాయడంతో సమానం.

నకిలీలు

పాకిస్తాన్ వాయవ్య సరిహద్దులో దర్రా ఆదంఖేల్ వంటి చోట్ల కమ్మరులు తరాలుగా లీ-ఎన్‌ఫీల్డుకు నకళ్లు చేస్తూ వచ్చారు. పనితనం ఆశ్చర్యపరుస్తుంది. ముద్రల దగ్గర మాత్రం దొరికిపోతారు. కొట్టేవాడికి ఇంగ్లీషు రాదు కాబట్టి ఎన్‌ఫీల్డ్ స్పెల్లింగు తప్పుతుంది, ఎన్ అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. వి.ఆర్. అని ఉండి కింద 1918 అని ఉన్న తుపాకులు ఎన్నో. విక్టోరియా చనిపోయింది 1901 జనవరిలో. వీటి ఉక్కు ఏ రైలు పట్టాలదో, ఏ తుక్కుదో చెప్పలేం. అందుకే వీటిని కాల్చడం ప్రాణాంతకం. నకిలీ అయినా ఇవీ చరిత్రే. గోడమీద ఉండవలసిన చరిత్ర.

ఎక్కువ డబ్బు చేతులు మారే నకిలీ నంబర్ 4 స్నైపర్. అసలు స్నైపర్లలో అత్యధికం లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ సంస్థ ఎంపికచేసిన మంచి రైఫిళ్లకు దూరదర్శిని పలకలు బిగించి తయారుచేసినవి. ఎడమ పట్టీ మీద టి అక్షరం, బట్ అడుగున ఎస్51 సంకేతం, బట్ మెడమీద దూరదర్శిని సంఖ్య ఉంటాయి. మూడూ ఉన్నా, పాత మచ్చలో కొత్త అక్షరం తళుక్కుమంటుందేమో భూతద్దంతో చూడాలి.

విప్పడం

పునరుద్ధరణలో మొట్టమొదటి పని తుపాకీ ఖాళీగా ఉందని రూఢి చేసుకోవడం. మ్యాగజైన్ తీసి, బోల్టు వెనక్కి లాగి, తూటా గదిలో చూపుడువేలు పెట్టి తడిమి చూడాలి. కళ్లతో చూసింది చాలదు. గోదాముల్లో పూసిన గ్రీజు ముద్దలో తూటా కనబడకపోవచ్చు.

ఆ తర్వాత ఫొటోలు. ప్రతి ముద్రనూ, ప్రతి మరనూ విప్పకముందే ఫొటో తీయాలి. పక్కనుంచి పడే వెలుగులో చెరిగిన అక్షరాలు నీడతో లేస్తాయి. మర తలలోని గాడికి అచ్చంగా సరిపోయే స్క్రూడ్రైవరే వాడాలి. ఇంట్లో దొరికే కోసుగా ఉన్నది పెట్టి తిప్పితే గాడి చిట్లిపోతుంది. పైగా ఇవి ఆ కాలపు బ్రిటిష్ మరలు, వీటి స్థానంలో బజారు మెట్రిక్ మర ఎక్కదు. బలవంతంగా ఎక్కిస్తే బాడీలోని మర గాడే పోతుంది.

నంబర్ 1 విప్పేటప్పుడు ఒక సూత్రం తప్పకూడదు. ముందు చెక్క తీయకుండా బట్ తీయకూడదు. బట్‌ను పట్టి ఉంచే పొడవాటి బోల్టు చదరపు కొస బాడీని దాటివచ్చి, ముందు చెక్క వెనక అంచులోని చిన్న లోహపు పలకలో కూర్చుంటుంది. బట్ వదులవకుండా అది తాళం. ముందు చెక్క ఉండగానే బట్ బోల్టు తిప్పితే ఆ చదరపు కొస తిరుగుతూ చెక్కను లోపలినుంచి చీల్చేస్తుంది. వందేళ్లు నిలిచిన చెక్కలు కొత్తవాళ్ల చేతిలో చీలడానికి పెద్ద కారణం ఇదే.

చెక్క

పాత బ్రిటిష్ చెక్క అక్రోటు. యుద్ధాల ఒత్తిడిలో బీచ్, బర్చ్ చెక్కలూ వాడారు. లిత్‌గో స్థానిక కోచ్‌వుడ్ వాడి, అది మెత్తన కాబట్టి అదురు తగిలే చోట రాగి పలకలు పెట్టింది. చెక్కకు సైన్యం పెట్టిన పూత పచ్చి అవిసె నూనె ఒక్కటే. వార్నిష్ కనిపిస్తే అది తర్వాతివాళ్ల చేతివాటం, దాన్ని తీసేయవచ్చు.

గోదాము గ్రీజు చెక్కలోకి ఇంకి నల్లబడి ఉంటుంది. కిరోసిన్‌లాంటి ద్రావణంతో తుడిచి, ఎండలో పెడితే చెక్క చెమట పట్టినట్టు గ్రీజును వదులుతుంది. గుడ్డతో అద్దుతూ రోజుల తరబడి చేయవలసిన పని. నీళ్లలో ముంచడం, కాస్టిక్ సోడా పూయడం చెక్క నారను లేపేస్తాయి.

ఉప్పుకాగితం జోలికి వెళ్లకూడదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడం అంటే అదే. చెక్క మీద ఇన్‌స్పెక్టర్ల చిన్నచిన్న కిరీటాలు, అంకెలు ఉంటాయి. ఒక్కసారి రుద్దితే అవి పోతాయి. ఉక్కు కన్నా వెంట్రుకవాసి ఎత్తుగా ఉండవలసిన చెక్క అంచు కూడా కిందికి దిగిపోతుంది. నొక్కులకు వేరే ఉపాయం ఉంది. తడిపి పిండిన నూలుగుడ్డ మడతపెట్టి నొక్కు మీద పరచి, వేడి ఇస్త్రీపెట్టె కొసను రెండుమూడు సెకన్లు ఆనించాలి. బుస్సుమని ఆవిరి లేస్తుంది. ఆ ఆవిరికి నలిగిన నారలు ఉబ్బి మెల్లగా పైకి వస్తాయి. నాలుగైదుసార్లు చేస్తే లోతైన నొక్కు కూడా చాలావరకు సమమవుతుంది. నార తెగిన గాటు మాత్రం లేవదు, దాన్ని అలాగే వదిలేయాలి. ముద్ర ఉన్నచోట ఆవిరి పట్టకూడదు. అక్షరాలు కూడా నొక్కులే కదా, అవీ లేచిపోతాయి.

చివర అవిసె నూనెను పలచగా అరచేత్తో మర్దించి, ఆరాక మళ్లీ మర్దించాలి. నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి ఆరబెట్టడమో, నీళ్లలో ముంచడమో చేయాలి.

లోహం, గొట్టం

తుప్పు రెండు రకాలుగా కనిపిస్తుంది. ఎర్రగా, పొడిలా రాలేది ఉక్కును తింటూనే ఉంటుంది. నల్లగా, గట్టిగా అంటుకున్నది ఆగిపోయిన తుప్పు. ఎర్రదాన్ని తేలిక నూనెలో నానబెట్టి, రాగి రేకు అంచుతోనో అతి సన్నని ఉక్కుపీచుతోనో ఒత్తకుండా తీయవచ్చు. రాగి ఉక్కుకన్నా మెత్తన కాబట్టి గీత పడదు. మరో పద్ధతి భాగాన్ని శుద్ధజలంలో ఉడికించడం. ఎర్ర తుప్పు మరిగే నీటిలో నల్లని ఇనుప ఆక్సైడుగా మారుతుంది. పాతకాలపు బ్లూయింగ్ పూత రహస్యమూ ఇదే. కొత్తగా నల్లరంగు పూత వేయించడం మాత్రం విలువను సగానికి దింపే పని. ఇషాపూర్ తన మరమ్మతుల్లో వేసిన నల్ల పెయింటు అందంగా లేకపోయినా ఆ తుపాకీ చరిత్రలో భాగమే, దాన్ని గీకేయకూడదు.

గొట్టం లోపలి తుప్పుకు మూలం చాలావరకు పాత తూటాల్లో మందును అంటించే ప్రైమర్. అందులోని పొటాషియం క్లోరేట్ మండాక పొటాషియం క్లోరైడ్ మిగులుతుంది. అది ఉప్పులాంటిదే, గాలిలోని తేమను పీల్చుకుని ఉక్కును తొలుస్తుంది. నూనె ఉప్పును కరిగించదు. అందుకే ఆర్మరర్లు మొదట గరాటుతో మరిగే నీళ్లు పోసి, ఆరాక నూనె రాసేవారు. ఇత్తడి బట్ పలకలోని చిన్న తలుపు తెరిస్తే ఒక గదిలో నూనె బుడ్డి, బరువు కట్టిన తాడు ఉంటాయి. తాడు కొసన ఫ్లానెల్ గుడ్డముక్క కట్టి గొట్టంలోంచి లాగడమే సిపాయి రోజూ చేసే శుభ్రత. ఆ తాడు ఒక పక్కకు ఒరిగి లాగితే మూతి దగ్గర గాడులు అరిగిపోతాయి. అలా అరిగిన తుపాకీకి మెరిసే గొట్టం ఉన్నా గురి కుదరదు.

కాల్చవచ్చా

ఈ ప్రశ్నకు జవాబు కంటితో చూసి చెప్పేది కాదు. .303 తూటా అడుగున అంచు ఉంటుంది. బోల్టు ముఖానికీ గొట్టం వెనక అంచుకూ మధ్య ఆ అంచు ఎంత సందులో కూర్చుంటుందన్నది ప్రాణాధారమైన కొలత. సైన్యం వాడిన గేజీలు 0.064, 0.074 అంగుళాలవి. మొదటిదాని మీద బోల్టు మూసుకోవాలి, రెండోదాని మీద మూసుకోకూడదు. బోల్టు తల మర తిప్పి వేరుచేసే భాగం కాబట్టి, నంబర్ 4కు 0 నుంచి 3 వరకు నాలుగు కొలతల తలలు చేసి ఈ సందు సరిచేసేవారు. ఎక్కడిదో బోల్టు తెచ్చి వేసిన తుపాకీలో తల మార్చి సందు సరిపెట్టినా, బిగింపు ఉబ్బెత్తులు రెండూ సమంగా ఆనకపోవచ్చు. లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ పరీక్షించి సరే అనేదాకా అది ప్రదర్శన వస్తువే.

ఏది వదిలేయాలి

1950, 60లలో మిగులు రైఫిళ్లు చవగ్గా దొరికిన రోజుల్లో అమెరికా, కెనడాల్లో లక్షలమంది ముందు చెక్క కోసి, వీటిని వేట తుపాకులుగా మార్చుకున్నారు. గొట్టం కోయనివాటికి పాత చెక్క, మూతి తొడుగు సంపాదించి తిరిగి సైనిక రూపం ఇవ్వవచ్చు. పునరుద్ధరణ అన్న మాటకు పూర్తిగా తగిన పని ఇదొక్కటే. కొత్తగా చేర్చిన ప్రతి భాగాన్నీ రాసిపెట్టి, ఆ కాగితాన్ని తుపాకీతో పాటే ఉంచాలి. చెక్కుచెదరని సైనిక రైఫిల్‌కు దుమ్ము, గ్రీజు, ఎర్ర తుప్పు తీయడం చాలు. మ్యూజియంలు అక్కడితోనే ఆగుతాయి. శుభ్రపడిన లోహానికి అవి పూసేది బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో రూపొందిన మైనం వంటిది, కావాలంటే తిరిగి తీసేయగలిగేది.

విశాఖపట్నం, మచిలీపట్నం వంటి తీరప్రాంత వాతావరణంలో ఉక్కుకు తేమే శత్రువు. తోలు సంచిలో, కాన్వాసు గుడ్డలో చుట్టి దాచడం తుప్పును పెంచడమే. గాలి ఆడే బీరువాలో సిలికా జెల్ పెట్టి ఉంచాలి. ఒట్టి చేత్తో పట్టుకుంటే చెమటలోని ఉప్పు వేలిముద్ర ఆకారంలోనే తుప్పు పుట్టిస్తుంది కాబట్టి చేతికి తొడుగు వేసుకోవాలి.

చట్టం

ఈ అభిరుచి ఆయా దేశాల లైసెన్సు చట్టాలకు లోబడినది. భారతదేశంలో .303 నిషిద్ధ బోరు. సామాన్య పౌరుడికి దాని లైసెన్సు రాదు. అందుకే ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు ఇదే బోల్టుతో .315 తూటాకు వేట రైఫిల్‌ను పౌరుల కోసం తయారుచేశాయి. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీని బాగుచేయడం, మార్చడం, పరీక్షించడం కూడా నేరమే. బాగుచేసినా పేలని పాతకాలపు ఆయుధాలకు 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. ఫలానా తుపాకీ ఆ కోవలోకి వస్తుందో రాదో తేల్చవలసింది అధికారులు, ఇంటివాళ్లు కాదు. తాతల నాటి ఇంటి అటకమీదో, పూడిక తీసిన బావిలోనో పాత రైఫిల్ బయటపడితే దాన్ని తోమకుండా, బోల్టు లాగకుండా, ఉన్నచోటే ఉంచి పోలీసు స్టేషన్‌కు కబురు చేయాలి. అప్పగించేటప్పుడు దానిమీది ముద్రల్ని రసీదులో రాయించుకోవాలి.